పిల్లవాడి చేతికి కబుర్లు ఇవ్వకండి

గోదావరి జిల్లాల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కల టీచరుగా మొదలై హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు చుట్టుపక్కల బడులవాళ్లు పిలిస్తే వెళ్లి కూర్చుంటాను. పిలిచేది ఎక్కువగా చదవడమో, రాయడమో, లెక్కో ఎంతకీ పట్టుబడని పిల్లల గురించే. అలాంటి పిల్లవాడి చుట్టూ మనుషులకు కొదవ ఉండదు. క్లాసు టీచరు, సబ్జెక్టు టీచర్లు, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల వనరుల కేంద్రం) నుంచి వచ్చే ఐఈఆర్పీ (ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్), పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, అమ్మ, నాన్న, సాయంత్రం ట్యూషన్ పంతులు. అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. వాళ్లలో ఏ ఇద్దరైనా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా అని అడిగితే మాత్రం మొహాలు చూసుకుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అడిగినప్పుడు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. తీరిక లేనివాళ్లు మూడోదీ నాలుగోదీ చదివితే చాలు.

1. పేరు పెట్టొద్దు, చూసింది రాయండి

2007లో ‘తారే జమీన్ పర్’ సినిమా వచ్చాక డిస్‌లెక్సియా అనే మాట స్టాఫ్ రూముల్లోకి వచ్చింది. మంచిదే. కానీ అప్పటిదాకా ‘మొద్దు’ అన్నవాళ్లే మర్నాటి నుంచి ‘డిస్‌లెక్సియా’ అనడం మొదలుపెట్టారు. ఆ రెండు మాటల్లో దేనివల్లా పక్క టీచరుకు తెలిసేదేమీ లేదు. పేరు పెట్టే అధికారం టీచరుకు లేదు, ఆ అవసరం కూడా లేదు.

టీచరు మాత్రమే చేయగలిగిన పని వేరే ఉంది. పాఠంలో ఒక పేరా చదివించి, పక్కన కూర్చుని, ఎక్కడ ఆగాడో, ఏ అక్షరాన్ని ఏమని చదివాడో తేదీ వేసి రాసుకోవడం. ఒత్తు వదిలేస్తున్నాడా, కింద ఉన్న ఒత్తును విడి అక్షరంగా చదువుతున్నాడా, దీర్ఘం తీయడం లేదా, బోర్డు మీది వాక్యం దించుకునేటప్పుడు ఒక్కో అక్షరానికీ తల ఎత్తుతున్నాడా, 12ని 21 అని రాస్తున్నాడా. ‘ధ్యాస లేదు’ అని రాస్తే ఏ డాక్టరుకూ ఉపయోగం లేదు. ‘చెబితే రాసే పది మాటల్లో ఆరింటికి ఒత్తు వదిలాడు, అవే మాటలు నోటితో సరిగ్గా పలికాడు’ అని రాస్తే సైకాలజిస్టుకు సగం దారి దొరుకుతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో తెచ్చిన ‘ప్రశస్త్’ చెక్‌లిస్టులో మొదటి భాగం క్లాసు టీచరు నింపాలి, రెండో భాగం హెడ్మాస్టరూ స్పెషల్ ఎడ్యుకేటరూ చూడాలి. ఒకరి కంటితో తేల్చేది కాదని ఆ కాగితం తయారుచేసినవాళ్లకూ తెలుసు. మన దగ్గర చాలాచోట్ల రెండు భాగాలూ ఒకే చేతిరాతలో ఉంటాయి, అది వేరే సంగతి.

రెండు నోటుపుస్తకాల జిరాక్సులు కూడా దాచండి, ఒకటి ఈ సంవత్సరంది, ఒకటి నిరుటిది.

2. కళ్లు, చెవులు, ఇంట్లో మాట

చూపు, వినికిడి పరీక్ష కాకుండా ఏ పిల్లనూ సైకాలజిస్టు దగ్గరికి పంపొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికోసారి ప్రభుత్వ బడికి రావాలి. ఆ రోజు మీ అనుమానం ఉన్న పిల్లల్ని వరుసలో చివర నిలబెట్టకండి. ముందు వాళ్లనే చూపించండి, మీ కాగితం చూపించండి. మరీ అవసరమైతే జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) వాళ్లే రాసిస్తారు.

ఏ ఫారంలోనూ గడి లేని సంగతులు కొన్ని ఉంటాయి. ఇంట్లో మాట్లాడేది లంబాడీయా, కోయా, ఒడియానా, ఉర్దూనా? అమ్మానాన్నలు ఇటుక బట్టీలకు వెళ్లినప్పుడు పిల్ల ఎన్ని నెలలు బడి మానింది? నాలుగో తరగతి దాకా తెలుగు మీడియం చదివి ఐదులో ఒక్కసారిగా ఇంగ్లిషులోకి వచ్చిందా? ఇవి తెలియకుండా పట్నంలో ఒక గంటసేపు ఇంగ్లిషులో పరీక్ష పెట్టి ఇచ్చిన రిపోర్టు నేను నమ్మను. రిపోర్టు రాసినవాళ్లది తప్పనను. వాళ్లకు ఆ సంగతి చెప్పాల్సినవాళ్లం మనం. చదువు నేర్పకపోవడం వేరు, నేర్పినా రాకపోవడం వేరు. ఆ తేడా చెప్పగలిగింది బడి మాత్రమే.

3. తెలుగు పంతులుగారు, ఇంగ్లిష్ టీచరు ఒకే బెంచీ మీద కూర్చోవాలి

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. నా అనుభవంలో ఎక్కువ మంది పిల్లలు జారిపోయింది ఇక్కడే.

ఏడో తరగతి పిల్లవాడొకడు. తెలుగు పంతులుగారు ‘తప్పుల్లేకుండా చదువుతాడమ్మా, కాస్త నిదానం, అంతే’ అన్నారు. ఇంగ్లిష్ టీచరు ‘ఒక్క ముక్క రాదు’ అంది. ఇద్దరూ ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. ఈవిడకు ఓపిక లేదని ఆయన, ఆయన పిల్లల్ని గారం చేస్తారని ఈవిడ. పిల్లవాడి గురించి ఇద్దరూ చెప్పింది నిజమే.

తెలుగులో రాసినట్టే పలుకుతాం. అక్షరాలు, గుణింతాలు ఒకసారి పట్టుబడితే, చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడు కూడా కూడబలుక్కుని సరిగ్గానే చదివేస్తాడు. అతని కష్టం తప్పుల్లో బయటపడదు, వేగంలో బయటపడుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. ఇంగ్లిషులో ఒకే అక్షరాన్ని ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతాం కాబట్టి అదే కష్టం తప్పుల రూపంలో బయటికొస్తుంది. రాసినట్టే పలికే భాషల్లో నిదానమే ప్రధాన లక్షణమని ఇతర దేశాల్లో పరిశోధన చేసినవాళ్లు కూడా చెప్పారు. తెలుగు టీచర్ల చెవిన ఎవరూ వేయలేదు. అందుకే తెలుగు పంతులుగారితో నేనెప్పుడూ ‘ఎన్ని తప్పులు’ అని అడగను. ‘నిమిషంలో ఎన్ని మాటలు చదివాడు, పక్కవాడు ఎన్ని చదివాడు’ అని అడుగుతాను. గడియారం పెట్టి చూస్తే ఆ పిల్లవాడు క్లాసులో సగటు పిల్లవాడికంటే బాగా వెనక ఉన్నాడు. అప్పుడు పంతులుగారే లేచి ఇంగ్లిష్ టీచరు బెంచీ దగ్గరికి వెళ్లారు.

తెలుగు రాత తేలికని కూడా అనుకోవద్దు. ‘క్రి’ అన్నప్పుడు గుడి పైన, ర ఒత్తు కింద, నోరు పలికే వరుస వేరు, కన్ను చూసే వరుస వేరు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక లేదు. ప, వ, ష ఒక గుంపు, ద, ధ, థ ఒక గుంపు, చిన్న గీతతో మారిపోతాయి. ఆరో తరగతిలో దీనిమీద హిందీ కూడా వచ్చి పడుతుంది. మూడు లిపులు, ముగ్గురు టీచర్లు, ముగ్గురూ జూన్‌లోనే తమ తమ అక్షరమాలతో మొదలుపెడతారు. ఆ ముగ్గురు కూర్చుని ఈ రెండు నెలలు దేనిమీద ఒత్తిడి పెడదాం, దేన్ని నోటిమాటతో సరిపెడదాం అని అనుకుంటే పిల్లవాడికి ఊపిరాడుతుంది. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు వేసి రావడం మొదలయ్యాక సైన్సు, సోషల్ వాళ్లకు ఇంకో వెసులుబాటు కూడా దొరికింది. పాఠం తెలుగు పేజీలో చదివించి, జవాబు నోటితో చెప్పించుకోవచ్చు.

లెక్కల సంగతి నా సొంత సబ్జెక్టు కాబట్టి ఒక మాట. నాన్న కిరాణా కొట్లో చిల్లర లెక్క నోటితో తడుముకోకుండా చెప్పే పిల్లవాడు బారువడ్డీ లెక్కలో సున్నా తెచ్చుకుంటే, ముందు ఆ లెక్క బిగ్గరగా చదివి వినిపించండి. అప్పుడు చేసేస్తే అది చదవడంలో కష్టం, లెక్కలో కాదు. చదివి వినిపించినా, చింతపిక్కలు ముందు పెట్టినా ఏడు, తొమ్మిదిల్లో ఏది పెద్దదో తడుముకుంటే అది వేరే సంగతి. సైకాలజిస్టుకు ఆ తేడా రాసి పంపాలి.

4. పిల్లవాడు పోస్టుమాన్ కాదు

ఒక ఆస్పత్రిలో రిపోర్టు కవరు ఆరో తరగతి పిల్లవాడి చేతికిచ్చి, ‘మీ మేడంకి ఇచ్చెయ్’ అన్నారు. పిల్లవాడు దాన్ని పుస్తకాల సంచి అడుగున పెట్టి వానలు వెళ్లేదాకా తియ్యలేదు. అందులో తనకు తెలివి లేదని రాసి ఉంటుందని వాడి నమ్మకం. ఇంట్లో అమ్మ ‘డాక్టరేమన్నాడ్రా’ అంటే ‘బాగానే చదువుతానన్నాడు’ అని చెప్పాడు. వాణ్ని నేను తప్పుపట్టలేదు. ఆ వయసులో ఎవరైనా అదే చేస్తారు.

బడిలో మనమూ ఇదే చేస్తాం. ‘మీ తెలుగు సార్‌ని అడుగు, ఒత్తులు ఎందుకు నేర్పలేదో.’ ‘మీ అమ్మని రేపు రమ్మను.’ ‘నువ్వు భవిత సెంటర్లో ఏం నేర్చుకున్నావో మీ క్లాస్ టీచరుకి చెప్పు.’ పెద్దవాళ్ల మధ్య ఉన్న మొహమాటం, కోపం, బద్ధకం అన్నీ పిల్లవాడి నెత్తిన వేసి పంపుతున్నాం. వాడు వాటిని మోయలేక దారిలో పారేస్తాడు.

అందుకే మా బడిలో ఒక పద్ధతి పెట్టాను. ప్రతి పిల్లవాడికీ ఒక పెద్ద మనిషి. క్లాసు టీచరే కానక్కర్లేదు, వాడితో చనువు ఉన్నవాళ్లెవరైనా. ఆ మనిషి డాక్టరుకు ఫోన్ చేస్తాడు, తల్లికి చేస్తాడు, ఐఈఆర్పీకి చేస్తాడు, మిగతా టీచర్లకు చెప్తాడు. ఒక చోట మా వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పని చేశారు. నాకు తెలిసి ఆ పని అంత బాగా చేసినవాళ్లు లేరు. ఎందుకంటే గ్రౌండులో ఆ పిల్లవాడు ఎప్పుడూ ఓడిపోలేదు. ఆయన దగ్గర నోరు విప్పేవాడు.

వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఒక బడిలో ఒకాయన మంచి మనసుతోనే రిపోర్టు ఫొటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఊళ్లో టీ కొట్టు దాకా వెళ్లింది. తల్లి అనుమతి తీసుకుని, తెలియాల్సిన మనిషికి మాత్రమే, నోటితో చెప్పండి.

5. డాక్టరుకు అరపేజీ

ఓపీలో డాక్టరు గారికి మీ పిల్లవాడి కోసం కొద్ది నిమిషాలే ఉంటాయి. పది పేజీల ఫైలు చదవరు. అరపేజీ రాయండి: వయసు, తరగతి, ఇంటి భాష, కళ్లు చెవుల పరీక్ష ఎప్పుడు అయింది, ఏం చూశాం, ఏం ప్రయత్నించాం, ఎంతవరకు పనిచేసింది. చివర ఒక ప్రశ్న తప్పకుండా రాయండి: ‘సోమవారం నుంచి క్లాసులో మేం ఏం మార్చాలి?’ ఆ ప్రశ్న లేకపోతే జవాబుగా అంకెలొస్తాయి. అంకెలు బీరువాలోకి వెళ్తాయి.

సర్టిఫికెట్ కోసమైతే దారి తెలిసి ఉండాలి. 1995 చట్టంలో ఈ పిల్లల ఊసే లేదు. 2016 చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం చేరింది. వీటిని వీలైనంత ముందుగా గుర్తించి, బోధనలో తగిన ఏర్పాట్లు చేయడం విద్యాసంస్థల బాధ్యత అని అందులోని 16వ సెక్షన్ చెబుతుంది. 2018 జనవరి మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతి లేదా ఎనిమిదేళ్లు వచ్చాక బడిలో గుర్తింపు, తర్వాత పిల్లల డాక్టరు, ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష పెట్టి, 85 దాటితే బెంగళూరు నిమ్హాన్స్ వారి పరీక్షల వరుస. పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మళ్లీ చూపించాలని వాటిలో ఉంది. 2024లో వీటిని సవరించారు కాబట్టి ఆస్పత్రికి వెళ్లేముందు తాజా నిబంధనలు కనుక్కోండి. తెలివితేటలు బాగున్న పిల్లవాడికే ఈ వైకల్యమని రాస్తారన్న సంగతి తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆమె సగం దిగులు తీరుతుంది. ‘మావాడు పిచ్చోడని రాస్తారా’ అని అడిగిన తల్లులు ఎందరో.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగొద్దు. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి, బోర్డు మీది నోట్సు జిరాక్సు ఇవ్వడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

6. ఐఈఆర్పీకి కుర్చీ వేయండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగమని, జీతం తక్కువని, వయసు తక్కువని వాళ్లను వరండాలో నిలబెట్టి మాట్లాడే బడులు చూశాను. ప్రత్యేక విద్యలో శిక్షణ పొంది, రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్న మనిషి మన స్టాఫ్‌లో ఇంకెవరున్నారు? మా మండలంలో ఇద్దరే ఉండేవారు. ఇళ్లకే పరిమితమైన పిల్లల దగ్గరికి వెళ్లాలి, క్యాంపులు చూడాలి, భవిత కేంద్రం నడపాలి, మిగిలిన టైములో మన బడి. 2021లో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు ఉండాలంది. ఆ లెక్కకూ మన మండలాలకూ ఎంత దూరమో మీకే తెలుసు.

కాబట్టి వాళ్లు వచ్చిన గంటను పిల్లవాణ్ని పక్కకు తీసుకెళ్లి అక్షరాలు దిద్దించడానికి ఖర్చు చేయకండి. క్లాసులో వెనక కూర్చోమనండి. తర్వాత టీచరుతో పావుగంట మాట్లాడనివ్వండి. నెలకు రెండు గంటలు వచ్చే మనిషి పిల్లవాడికి నేర్పగలిగేది కొంచెమే. రోజూ ఉండే టీచరుకు నేర్పితే అది రోజూ జరుగుతుంది.

7. మీటింగు ఇరవై నిమిషాలు, కాగితం ఒకటి

పిల్లవాడి చుట్టూ ఉన్న పెద్దలందరూ కూర్చునే మీటింగులో తల్లిదండ్రుల కాపురం గురించి చర్చ వద్దు. కాగితం మీద ‘చదువు మెరుగుపడాలి’ అని రాయొద్దు. ‘దసరా సెలవుల్లోపు ద్విత్వాక్షరాలున్న రెండక్షరాల మాటలు, తెలుగు పంతులుగారు, రోజూ పది నిమిషాలు’ అని రాయండి. ఎవరు, ఏమిటి, ఎప్పటిదాకా.

8. అమ్మ కూలి పోకుండా పిలవండి

పని దినాన పదకొండింటికి రమ్మంటే ఆమెకు ఒక రోజు కూలి పోతుంది. నాట్ల రోజుల్లో అసలు రాదు. రాకపోతే ‘తల్లికి శ్రద్ధ లేదు’ అని రాసేస్తాం. సాయంత్రం వాళ్ల పేటకు వెళ్లండి, లేదా సంత రోజు చూడండి. మాట్లాడేటప్పుడు మొదట వాడికి వచ్చింది చెప్పండి. ఆమె ఆ ఒక్క మాట విని ఎన్నాళ్లయిందో.

ట్యూషన్ పంతుల్ని కూడా పిలవండి. ఇది చెబితే మా తోటి హెడ్మాస్టర్లు నవ్వేవారు. మనం క్లాసులో చూచిరాత తగ్గిస్తే, ఆయన సాయంత్రం అదే పాఠం పదిసార్లు రాయిస్తున్నాడు. ఆ పిల్లవాడితో వారంలో మనకంటే ఎక్కువసేపు ఒంటరిగా కూర్చునే మనిషిని వదిలేసి ప్రణాళిక ఏం వేస్తాం?

9. పిల్లవాణ్ని అడగండి

పెద్దవాళ్లందరూ మాట్లాడుకోవాలన్నాను కదా అని పిల్లవాణ్ని బయట కూర్చోబెట్టకండి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చెప్పింది: ‘నన్ను చదవమనండి టీచర్, కానీ ఏ పేరా వస్తుందో ముందురోజు చెప్పండి.’ అయిదుగురు టీచర్లకు ఆ ముక్క తట్టలేదు.

10. పదో తరగతి పని తొమ్మిదిలో మొదలవుతుంది

పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు అడగాలంటే నామినల్ రోల్స్ పంపేటప్పటికే సర్టిఫికెట్లు చేతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో ఇచ్చిన నిబంధనల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలన్నారు. మన పదో తరగతి పరీక్షల్లో సహాయకులుగా సాధారణంగా తొమ్మిదో తరగతి పిల్లల్నే పెడతారు.

అయితే అనుమతి తెచ్చేశామని చేతులు దులుపుకోకండి. చెప్పి రాయించడం ఒక విద్య. ఎక్కడ పేరా మార్చాలో, ఏ సూత్రాన్ని ఎలా పలకాలో, పక్కవాడు రాస్తుంటే మనసులో తర్వాతి వాక్యం ఎలా పట్టుకోవాలో అలవాటు లేని పిల్లవాడు పరీక్ష హాల్లో మూగవాడైపోతాడు. తొమ్మిదో తరగతి నుంచే యూనిట్ టెస్టులు అలా రాయించండి. లెక్కల టీచరు, సైన్సు టీచరు కలిసి బొమ్మలు, సమీకరణాలు ఎవరు గీయాలో ముందే తేల్చుకోండి.

11. బదిలీ అయినప్పుడు

టీచరు బదిలీ అవుతాడు, హెచ్‌ఎం మారుతుంది, ఐఈఆర్పీ కాంట్రాక్టు మారుతుంది, పిల్లవాడు ఐదో తరగతి ఎంపీపీ స్కూలు నుంచి ఆరో తరగతి జడ్పీ హైస్కూలుకు వస్తాడు. టీసీలో ఈ సంగతులు రాసే చోటు ఉండదు. జూన్‌లో అక్కడ మళ్లీ ‘అ, ఆ’ దగ్గర మొదలు.

పాత బడి టీచరు ఏప్రిల్లోనే ఫైలు పట్టుకుని కొత్త బడికి ఒకసారి వెళ్లి రావాలి. దూరమైతే ఫోన్ చేయాలి. ఫైల్లో రిపోర్టులకంటే పైన ఒక కాగితం పెట్టండి: వాడికి ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు, ఎవరి మాట వింటాడు, అమ్మ నంబరు, ఆమె ఏ టైముకు ఫోన్ ఎత్తుతుంది. బళ్లు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ కాగితం పదో తారీకులోపు క్లాసు టీచరు చేతికి అందాలి. మీరు స్వయంగా ఇవ్వండి, పిల్లవాడితో పంపకండి.